ఒక చెంచా జిగురు

జనవరి 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో మాట్లాడుకుంటే మీరిద్దరూ మూడో మాటకే కొట్టుకుంటారు, ఏదున్నా కాగితం మీద రాసుకోండి అని అమ్మ పోయేముందు పెట్టిన షరతు ఎంత మంచిదో మళ్ళీ తెలిసింది. నీ మొదటి పేజీ చదివి నేను వేసిన కేకలు మీ బావ ఒక్కడే విన్నాడు. నీ కూతురు మిరియానికి ఈ టైప్ వన్ షుగర్ నా పోలిక వల్లే వచ్చిందని రాస్తావా? ముక్కు నా పోలిక అని పుట్టినప్పుడు మురిసిపోయారు కదా, అప్పుడు ఒక్కరూ నాకు ఉత్తరం రాయలేదే!

పోనీలే. కూతురికి జబ్బని తేలితే తండ్రి ఎవరో ఒకరి మీద అరవాలి. అరిచావు. ఇప్పుడు విను. నాకూ ఆ పిల్ల వయసులోనే వచ్చింది. ఇంకా బతికే ఉన్నాను, ఈ ఊళ్ళో సగంమంది నేను చేసిన కట్టుడు పళ్ళతోనే నములుతున్నారు. మన ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కొట్టు మూతపడిపోయింది. ఇక తెరుచుకోదు. తిన్నప్పుడల్లా ఆ తిండికి సరిపడా సూదితో వేసుకోవాలి. ఎక్కువైతే షుగర్ పడిపోతుంది, తక్కువైతే పెరిగిపోతుంది. అంతే సంగతి. సూది మరదలు వేస్తోందనీ, ఆ కాసేపూ నువ్వు పక్కగదిలో దాక్కుంటున్నావనీ తెలిసింది. ఊరి మురుగునీళ్ళ ప్లాంటులో మోకాళ్ళదాకా దిగేవాడివి, వెంట్రుకంత సూదికి కళ్ళు తిరుగుతున్నాయా నీకు?

నా సంగతి చెప్తే రోత పుడుతుంది, అయినా చెప్తాను. ఇక్కడి ఆసుపత్రిలో ఒక పరిశోధనకి పేరిచ్చాను. ఏదో పీచు పొడి. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట, ఆ పీచు వాటికి మేతట. అవి తిని ఏవో ఆమ్లాలు వదులుతాయి, దానివల్ల భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగిరిపడకుండా ఉంటుందేమో చూడాలట. 'ఏమో' అన్న మాట డాక్టరమ్మ గట్టిగానే అంది. సగంమందికి అసలు పొడి, సగంమందికి ఉత్తుత్తి పొడి. ఎవరిది ఏదో తాగే మాకూ తెలియదు, ఇచ్చే వాళ్ళకీ తెలియదు.

తాగడం వరకు బాగానే ఉంది, నీళ్ళలో వేయగానే మాయమైపోతుంది. ఆ తర్వాతే అసలు కథ. మా కట్టుడు పళ్ళ ల్యాబులో అందరం తలలు వంచుకుని ప్లాస్టర్ దవడలు గీక్కుంటూ ఉంటామా, ఆ నిశ్శబ్దంలో నా పొట్ట మొదలుపెడుతుంది. పక్కబల్ల అమ్మాయి తన మిషను పాడైందని స్విచ్చి తీసి చూసింది. ఛీ! అది చాలదన్నట్టు నెలకోసారి నా... ఎలా రాయను... పొద్దున్నే వెళ్ళివచ్చిన దాంట్లోంచి కొంత డబ్బాలో పట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వాళ్ళకివ్వాలి. మీ బావ ఆ రోజు నుంచి ఫ్రిజ్ నీళ్ళు ముట్టడం లేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మిరియానికి నా ముద్దులు.

ఇలాంటిది ఒక్కతే ఉంది కాబట్టి నువ్వు బతికిపోయావు,
నీ అక్క


జనవరి 21

అక్కా,

ఒక్క డబ్బాకే ఇంత గోలా? నేను రోజూ ఊరంతటి డబ్బాకి మూత తీసి చూస్తున్నాను, ఎవరైనా నాకు ముద్దులు పంపారా?

నీ ఉత్తరం చదివి నాకు రోత పుట్టలేదు సరికదా, హుషారొచ్చింది. మీ డాక్టరమ్మ చెప్పినదంతా మా ప్లాంటు సంగతే. మా తొట్లలో మురుగుని శుభ్రం చేసేది మేం కాదు, కంటికి కనపడని పురుగులు. మేం వాటికి గాలి పంపుతాం, మేత చాలనప్పుడు చక్కెర మిల్లు తియ్యటి మడ్డి కొంచెం కొంచెంగా వదులుతాం. ఒక్కసారే గుమ్మరిస్తే నురగ లేచి గట్టు దాటుతుంది, నీ పొట్టలాగే. రోజుకి ఇంత చొప్పున పెంచుకుంటూ పోతే వాటంతటవే అలవాటు పడతాయి. చివర బయటికి పోయే నీళ్ళని పరీక్ష చేస్తాం. మిగిలిన మురికి అంకె ఎంత తగ్గితే పని అంత బాగా జరిగినట్టు. బాగా తగ్గిన రోజు మా మేస్త్రీ అందరికీ టీ ఇప్పిస్తాడు.

సూది సంగతి ఎత్తకు. మురుగు వేరు, నా పిల్ల ఒంట్లో ఇనుము దిగడం వేరు. దాని పొట్ట మీద నీలం మచ్చలు చూస్తే నాకు లోపలి నుంచి దేవుకొస్తుంది. బతికినంతకాలం ఇలా పొడుచుకోవాలా? ఇది ఎవరు పెట్టిన శిక్ష?

నీ మేనకోడలు మాత్రం గట్టిది. ఈతలో స్కూలు జట్టుకి ఎంపికైంది. మొన్న క్లాసులో ఒకడు "మురుగోడి కూతురు కంపు" అన్నాడట, వాడి చెప్పులు తీసి కొలనులో పడేసి వచ్చింది. నేను ఇంటికొచ్చి మోచేతులదాకా సబ్బు పెట్టి తోముకుంటే తప్ప వంటగది గడప దాటను, నీకు తెలుసు కదా. అది మాత్రం తన పళ్ళెం పక్కనపెట్టి నా పళ్ళెంలో చెయ్యి పెడుతుంది. "నాన్నా, నీ చేత్తో ముద్ద పెడితే సబ్బు రుచొస్తుంది" అంటూనే తింటుంది.

ఆ పొడి పనిచేస్తోందా లేదా? సరిగ్గా రాయి.

నీ చిన్నోడు


ఫిబ్రవరి 12

చిన్నోడా,

పనిచేస్తోందిరా! నా చేతికి అతికించిన మీటర్లో గీత చూస్తే ముచ్చటేస్తోంది. ఇదివరకు భోజనం కాగానే నిచ్చెన ఎక్కినట్టు లేచేది. ఇప్పుడు మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. రాత్రిపూట ఇన్సులిన్ కొంచెం తగ్గించుకోమని డాక్టరమ్మే చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. మీ బావకి ఫోన్ చేసి మరీ చెప్పాను, ఆయన పక్కగదిలోనే ఉన్నాడు.

ఈ పీచేదో ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ అందితే బాగుండు అనిపిస్తోంది. పొట్ట ఉబ్బరం అలాగే ఉంది. అయినా ఇలాంటి గీత కోసం ఉబ్బనీ అనుకుంటున్నాను.

కడుపు మండిన సంగతి ఒకటి. పళ్ళ సెట్టు సరిచేయించుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నేను సూది వేసుకోవడం చూసి, "అవన్నీ విషాలమ్మా, మా ఆకుల రసం తాగు, నెలలో సూది మానేస్తావు" అన్నాడు. నోట్లోంచి అప్పుడే తీసిన పళ్ళు చేత్తో పట్టుకుని, చొంగ కార్చుకుంటూ నాకు వైద్యం చెప్తున్నాడు! అలాంటి వాళ్ళని నమ్మి సూది మానేసి చచ్చిపోయిన పిల్లలున్నారు. మీ ఇంటికి ఎవరైనా వచ్చి ఇలా వాగితే మీ తొట్లో ముంచు.

మిరియం ఎలా ఉంది?

నీ అక్క


మార్చి 3

అక్కా,

నీ మరదలికి ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం డ్యూటీ పడింది. ఇప్పుడు వంట నాది, సూది పిల్ల తనే వేసుకుంటోంది. మిరియం స్కూలుకి తీసుకెళ్ళే డబ్బా కూడా నేనే కడుతున్నాను. నవ్వకు. నా చేతివంట మొదలైనప్పటి నుంచి దాని భోజనం తర్వాతి అంకెలు చూడాలి నువ్వు! ఫ్రిజ్ తలుపు మీద అది రాసుకుంటుంది. మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. మొన్నయితే నేను చూసినవాటిలోకెల్లా తక్కువ. మా మేస్త్రీ ఉంటే టీ ఇప్పించేవాడు. ఎలా చేశానో ఇప్పుడు చెప్పను. దాని పుట్టినరోజున అందరికీ ఒకేసారి చెప్తాను.

ఒక్కటే బాధ. దాని బుద్ధి మారిపోతోంది. తిన్న కాసేపటికి ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, ఊరికే కసురుకుంటుంది. పెన్ను పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, అంత కోపం! చక్కెర బిళ్ళలు దొంగతనంగా నములుతోంది. మందలిస్తే తలుపు వేసుకుంటుంది. ఈ వయసు పిల్లలంతా ఇంతేనా?

నా వంటకి వంకలు కూడా. సూప్ గరిటకి అంటుకుంటోందట. "చీమిడిలా ఉంది నాన్నా, వాంతొస్తోంది" అంది, నా ముఖం మీదే. నా చేతి వాసన మీద ఇంతవరకు ఒక్క మాట అనని పిల్ల! చివుక్కుమంది. మొన్న చూద్దును కదా, గిన్నెడు సూప్ పూలకుండీలో పోసేసింది. నేను ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఆ రోజు ఎత్తినంత పనయింది.

నీ చిన్నోడు


మార్చి 10

చిన్నోడా,

అది కోపం కాదురా మొద్దూ! చెమటలు, వణుకు, కసురుకోవడం, ముఖం పాలిపోవడం, అవన్నీ షుగర్ పడిపోతోందనడానికి గుర్తులు. ఆ చక్కెర బిళ్ళలు దాని ప్రాణం కాపాడుతున్నాయి, దొంగతనం కాదు. షుగర్‌లో తక్కువ అంకె గొప్ప కాదు. ఎక్కువ మెల్లగా చంపుతుంది, తక్కువ అప్పటికప్పుడే పడేస్తుంది. మీ తొట్టి లెక్కలు దీనికి పెట్టకు.

నాకు ఇంకో అనుమానం వస్తోంది. రాయడానికి మనసొప్పడం లేదు. ఈత జట్టులో చేరింది, ఒళ్ళు తగ్గాలని తిండి పారబోస్తోందేమో. ఆ వయసులో నేనూ చూశాను అలాంటి పిల్లల్ని. ఇన్సులిన్ మాత్రం మొత్తం భోజనానికి వేసుకుని, ఆ భోజనం కుండీలో పోస్తే షుగర్ పడిపోక ఏం చేస్తుంది? సూప్ చీమిడిలా ఉందనడం అందుకు సాకు కావచ్చు. అరవకు, కొట్టకు. పక్కన కూర్చుని పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూడు. స్కూల్లో టీచరుకి చెప్పి డబ్బా మొత్తం తినేలా చూడమను. డాక్టరు దగ్గరికి కూడా వెంటనే తీసుకెళ్ళు.

నాకు పొడి ఇంకొన్నాళ్ళే. పొట్ట ఉబ్బి చీర కుచ్చిళ్ళు నిలవడం లేదు.

నీ అక్క


మార్చి 25

అక్కా,

మిరియం బతికే ఉంది. ముందు అది రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను, డాక్టరు దగ్గరికి మాత్రం సెలవు దొరికాక వెళ్దామనుకున్నాను. పక్కన కూర్చుని గిన్నె అడుగు కనిపించేదాకా తినిపించాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని మింగింది. స్కూల్లో టీచరు దగ్గరుండి డబ్బా ఖాళీ చేయించింది. ఆ మధ్యాహ్నం భోజనం కాగానే ఈతకి తీసుకెళ్ళారు. కొలను మధ్యలో చేతులు ఆడించడం మానేసిందట. జట్టు సారు బట్టలతోనే దూకి బయటికి లాగాడు. స్పృహ లేదు. స్కూలు నర్సు తొడలో ఏదో మందు పొడిచింది. దానితో కళ్ళు తెరిచి, పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. నేను వెళ్ళేసరికి ఆ వాంతి ఇంకా గట్టు మీదే ఉంది. అన్నమంతా అలాగే, జిగటగా. ఇన్నేళ్ళు ఊరి మురుగులో పనిచేశాను, నాకెప్పుడూ ముక్కు మూసుకోవాలనిపించలేదు. ఆ రోజు మూసుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు దాన్ని ఒక్కదాన్నీ కూర్చోబెట్టి అడిగారు, ఎక్కువ ఇన్సులిన్ కావాలని వేసుకున్నావా అని. తర్వాత మమ్మల్ని అడిగారు. బయటికొచ్చాక నేను వరండాలో అందరి ముందూ దాని మీద అరిచాను. చచ్చిపోవాలనుందా అని అడిగాను. "నేను లెక్క ప్రకారమే వేసుకున్నాను నాన్నా, మొత్తం తిన్నాను కూడా, టీచరుని అడుగు" అంది. నేను నమ్మలేదు. ఆ చూపు నాకు ఇంకా కళ్ళముందే ఉంది. ఈత జట్టులోంచి పేరు తీసేశారు.

ఇంటికొచ్చి ఏం చేయాలో తోచక ఆ పూలకుండీ శుభ్రం చేశాను. మొక్క చచ్చిపోయింది. మిరియం పోసిన సూప్ మట్టి మీద పలకలా గట్టిపడి ఉంది. వేళ్ళతో పట్టి లేపితే అంచు విరగకుండా రబ్బరు ముక్కలా వంగి, కుండీ లోపలి గీతలతో సహా ఊడి వచ్చింది. ఛీ.

నువ్వు చెప్పు. దాన్ని ఎలా దారిలో పెట్టాలి?

తమ్ముడు


మార్చి 29

చిన్నోడా,

ఈ ఉత్తరం నీకు చేరేలోపే అమ్మ షరతు తప్పి మరదలికి ఫోన్ చేసేశాను. వంటింట్లో వెతికి ఉంటుంది. పొడి డబ్బా దొరికి ఉంటుంది. ప్రాణాల మీదికి వచ్చినది ఫోన్లో చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్లో అయితే నాకు బూతులు తప్ప మాటలు రావు.

నేను పొద్దస్తమానం నోటి అచ్చులతో బతికేదాన్నిరా. నోట్లో జిగురు ముద్ద పెట్టి, అది రబ్బరులా అయ్యాక చిగుళ్ళ గీతలతో సహా ఊడదీసి పంపిస్తారు నాకు. నువ్వు కుండీలోంచి లేపినది ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? వట్టి సూప్ ఎండితే పొడిపొడిగా రాలుతుంది, అచ్చు దిగదు. నా పొట్ట సంగతి చదివి, ఏదో కొట్టుకి వెళ్ళి, పీచు పొడి అని రాసున్న డబ్బా కొని, ఆ పిల్లకి చెప్పకుండా సూప్‌లో కలిపావు. మీ పురుగులకి పెంచినట్టు రోజురోజుకీ పెంచుకుంటూ పోయావు. పుట్టినరోజు కానుకట! అది "వాంతొస్తోంది" అంటే వంకలన్నావు.

ఏం జరిగిందో తెలుసా? ఆ జిగురులో తిండి ఇరుక్కుని ఎంతకీ కరగలేదు. మిరియం వేసుకున్న ఇన్సులిన్ మాత్రం తన వేళకి వచ్చేసింది. తిండిలోని చక్కెర ఇంకా రక్తంలోకి రాలేదు. ఉన్న కాస్తనీ ఇన్సులిన్ లాగేసింది. పిల్ల లెక్క తప్పలేదు. నువ్వు దాని లెక్కలో చెయ్యి పెట్టావు. అంకె తగ్గిందని పండగ చేసుకున్నావు.

నాకు అసహ్యమేస్తోంది. పీచు మీద కాదు, అది ఎవడికి మంచో చెడో డాక్టర్లు తేలుస్తారు. నువ్వు చేసిన దాని మీద. ఎదిగిన పిల్ల నోట్లోకి పోయేది ఏమిటో దానికి తెలియకుండా దాచడం ఎంత మురికిపనో మీ ప్లాంటు మొత్తం వెతికినా దొరకదు. ఆ ఆకుల రసం ముసలాడు నయం, కనీసం నా ముఖం మీద చెప్పాడు.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోమని రాసింది నేను. అది నా తప్పే. కానీ నాది తెలియక. నీది తెలిసి.

వెళ్ళి దానికి నీ నోటితో చెప్పు. మరదలు చెప్పడానికి వీల్లేదు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

డబ్బా సబ్బుల అరలో దొరికింది. నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టని చోటని అక్కడ దాచాను. నీ మరదలు దాన్ని బల్ల మీద నా ముందు పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ డబ్బా డాక్టరుకి తీసుకెళ్ళి చూపించింది.

మిరియానికి చెప్పాను. నీ సూదులు తగ్గుతాయని ఆశపడ్డానమ్మా అన్నాను. మొదట అర్థం కానట్టు చూసింది. "అన్నిటిలోనూనా? డబ్బాలో కూడానా?" అని అడిగింది. అవునన్నాను. గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. లోపల ఏమీ లేదు, ఉత్త నీళ్ళే వచ్చాయి. నేను వీపు నిమరబోతే "ముట్టుకోకు" అంది.

"స్కూల్లో అందరూ నీ గురించి ఛీ అన్నా నేను ఎప్పుడూ అనలేదు. నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చి వండినా తిన్నాను" అంది. గొంతు పెద్దది చేయలేదు. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు తన వంట తనే చేసుకుంటుంది. నేను తాకిన గిన్నె మళ్ళీ కడుక్కుంటుంది. తినేముందు పళ్ళెం ముక్కు దగ్గరికి పెట్టుకుని వాసన చూస్తుంది, పిల్లి చూసినట్టు. నా పళ్ళెంలో చెయ్యి పెట్టడం ఎప్పుడో మానేసింది. అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. డాక్టరు దాన్ని క్షమాపణ అడిగారు, అనుమానించినందుకు. నేను కూడా అడిగాను. డాక్టరుకి "ఫర్వాలేదు" అంది.

నన్ను చూస్తే నాకే డోకొస్తోంది అక్కా. తోముకుంటే పోయేది కాదిది.

తమ్ముడు


ఏప్రిల్ 30

చిన్నోడా,

నీ మీద కోపం తగ్గలేదు. అయినా నాకు జరిగిన అవమానం నీకు తప్ప ఎవరికి రాయను?

మా పరిశోధన ముగిసింది. ఎవరికి ఏ పొడి ఇచ్చారో విప్పి చెప్పారు. నాది ఉత్తుత్తి పొడి. విన్నావా? పీచు లేదు, మేత లేదు, సూక్ష్మజీవులకి విందు లేదు. మరి నా గీత ఎందుకు చదునైందంటే, పొడి తాగుతున్నానని పద్ధతిగా వేళకి తిన్నాను, తూచి తిన్నాను, సూది తిండికి ముందు మరిచిపోకుండా వేసుకున్నాను. అదంతా నేనే చేసుకున్నాను. పొట్ట ఉబ్బడం, ఆ చప్పుళ్ళు, జారిపోయిన కుచ్చిళ్ళు, అన్నీ నా బుర్రలో పుట్టాయో ఏమో! డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి నీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. "పనిచేస్తోందిరా!" అని అంత సంబరంగా రాశాను. ఏం తాగుతున్నానో నాకే తెలియదని తెలిసి కూడా రాశాను. ఆ మాట పట్టుకుని నువ్వు కొట్టుకి వెళ్ళావు. నా నోటి దురద మీద ఉమ్మేయాలనిపించింది.

అసలు పొడి తాగినవాళ్ళలో కొందరికి కాస్త ఉపయోగం కనిపించిందట, కొందరికి ఏమీ లేదట. ఇంకా చూడాలంటున్నారు. పీచు విషం కాదు. తిండిలో ఉంటే మంచిదే. తినేవాళ్ళకి చెప్పి, కొద్దికొద్దిగా, ఇన్సులిన్ దానికి తగ్గట్టు డాక్టరు సరిచేస్తే తినొచ్చు. ఇన్సులిన్‌కి బదులు మాత్రం ఏదీ కాదని డాక్టరమ్మ అంది. మిరియానికి ఇది చదివి వినిపించు, దాని ఇష్టం.

ఇంకో మాట. దాన్ని బతిమాలకు. కానుకలు కొనకు. సూది వేసుకునేటప్పుడు ఇక పక్కగదిలోకి పారిపోకు. అక్కడే నిలబడి చూడు. నీ రోత కంటే దాని బతుకు పెద్దది.

అక్క


మే 19

అక్కా,

నీ ఉత్తరం మిరియానికి ఇచ్చాను. నీ ఉత్తుత్తి పొడి దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళైందో. "అత్తకి ఏమీ కలపకపోయినా పొట్ట ఉబ్బింది" అంది. నా వైపు చూసి ఆపేసింది.

సూది వేసుకునేటప్పుడు ఇప్పుడు ఎదురుగానే కూర్చుంటున్నాను. మొదటిరోజు చెవుల్లో హోరు వచ్చింది, కుర్చీ పట్టుకున్నాను. అది పట్టించుకోలేదు. తర్వాత తర్వాత "ఈ గీత దాకా లాగాలి, గాలి బుడగ లేకుండా" అని చెప్పడం మొదలుపెట్టింది, ఎవరితోనో అన్నట్టు గోడ వైపు చూస్తూ. ఈత జట్టులోకి కూడా మళ్ళీ రానిస్తారట, డాక్టరు రాసిచ్చారు.

మొన్న ఆదివారం నేను భోజనానికి కూర్చుంటే గిన్నె నిండా సూప్ తెచ్చి నా ముందు పెట్టింది. తనకి పోసుకోలేదు. ఎదురుగా కూర్చుని చూస్తోంది. కాస్త చిక్కగా ఉంది. ఏం కలిపావని నోటిదాకా వచ్చింది. అడిగే ముఖం నాకెక్కడిది? చెంచా ముంచాను. ప్రతి గుక్కలోనూ నా నాలుక వెతికింది, జిగురుందా, ఉప్పెక్కువుందా, ఇంకేమైనా ఉందా అని. తెలియని దాన్ని మింగడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పిల్ల వారాల తరబడి అలా మింగింది. అడుగుదాకా తాగాను.

గిన్నె తీసుకుని, "ఏమీ కలపలేదు నాన్నా" అంది.

నాకు ఏడుపొచ్చింది. అది చూడనట్టు లేచి, తను తినడానికి అరలోంచి పళ్ళెం తీసుకుంది. పొద్దున నేనే కడిగి పెట్టిన పళ్ళెం అది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కడుక్కుంది.

మర్నాడు అది బయటికి వెళ్ళాక ఆ పళ్ళెం నేనూ తీసి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు అక్కా.

నీ చిన్నోడు